రెండో వరుస రాళ్లు

యాసంగి కోతలయ్యాక బీర్కూర్ రోడ్డు సగం బండ్లది, సగం వడ్లది. ఆ రోడ్డు మీద సమ్మవ్వ కుప్ప పక్కనే పండరి కుప్ప. పొద్దున్నే కూతురు పల్లవికి నొప్పులు మొదలయ్యాయని ఫోన్ రాగానే, పండరి తన వడ్లు సమ్మవ్వకు అప్పజెప్పి బాన్సువాడ దవాఖానకు పరుగెత్తాడు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. వానాకాలం నాట్లప్పుడు మొహం చాటేసిన వానకు వడ్లు ఆరబోస్తే మాత్రం ఎక్కడలేని ప్రేమ! సమ్మవ్వ తన కుప్ప మీద టార్పాలిన్ లాగి, చుట్టూ రాళ్లు పెట్టింది. పండరి కుప్ప దగ్గరికి పోయేసరికి వాన దంచేస్తోంది. తడిసిన వడ్ల మీదే టార్పాలిన్ కప్పింది.

వాన వెలిశాక అవతలి కుప్ప సాయన్న వచ్చాడు. "నీ వయసుల రెండు కుప్పలు కప్పుడంటే మాటలా సమ్మవ్వా? ఫికర్ జెయ్యకు," అన్నాడు. చూసినవాళ్లందరిదీ అదే మాట. అసలు జరిగింది సమ్మవ్వకొక్కదానికే తెలుసు. ఒక వరుస రాళ్లు పెట్టగానే తన టార్పాలిన్ కదలకుండా నిలిచింది. అప్పుడే పరుగెత్తి ఉంటే పండరి వడ్లు దక్కేవి. కానీ ఆమె ఇంకో వరుస పెట్టింది. అదీ తాపీగా, పెద్ద రాళ్లు ఏరి ఏరి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఇరవై ఏళ్లుగా పక్క చేనులో ఉన్న మనిషి ఇక తన ముఖం చూడడేమో!

ఎండ మళ్లీ కాశాక పండరి వచ్చాడు. మనవరాలు పుట్టిందట, ముఖమంతా నవ్వే. తడిసిన వడ్లు చూడగానే ఆ నవ్వు చిన్నబోయింది. అయినా, "పోనీ తియ్యి అవ్వా, వాన నీ చేతుల ఉన్నదా?" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. సమ్మవ్వ ఊరుకునే మనిషా!

"వాన నా చేతుల లేదు బిడ్డా, రాళ్లు నా చేతుల్నే ఉండె. నాది మంచిగనే ఆగింది. అయినా ఇంకో వరుస పెట్టిన. గంతల నీది తడిసింది. నీది యాదికి రాలే... ఊహూ, యాదికొచ్చింది. వచ్చినా పెట్టిన."

పండరికి కోపం వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సమ్మవ్వ తల వంచుకుని తన టార్పాలిన్ తీసి, పొడి వడ్లు రోడ్డు అంచుకు జరపసాగింది. వాటి కింద నేల తడవలేదు, పండరి వడ్లు అక్కడ ఆరబోయొచ్చు. కాసేపటికి అతనూ పార అందుకున్నాడు. ఇద్దరూ తడి వడ్లు పలచగా పరిచారు.

"రేపు మళ్ల దవాఖానకు పోవాలె," అన్నాడు పండరి చివరికి.

"నువ్వు పో, నీ వడ్లు నేను చూసుకుంట," అన్నాడు అవతలి కుప్ప దగ్గర్నుంచి అంతా విన్న సాయన్న.

"నీకెందుకు తకలీఫ్ సాయన్నా? అవ్వ ఉన్నది గదా," అన్నాడు పండరి.

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు సమ్మవ్వకు ఇక ఆగలేదు.