ఇంకా గంట కాలేదు

"లే కూమా, నీ వంతొచ్చింది," అన్నాడు రాదిసావ్, తలుపు దగ్గరే నిలబడి.

స్తమేన దుప్పటి కింద కదల్లేదు. స్కానింగు కోసం చేతి నరంలోకి చక్కెర మందు ఎక్కించి అరగంటైనా కాలేదు.

"అప్పుడేనా?"

"మనమనిషివని ముందుకు జరిపాను. ఊరికెళ్లే లెస్కోవాత్స్ బస్సు అందుకోవచ్చు."

పోయినసారీ ఇదే మాట అన్నాడు. దానికే మురిసిపోయి ఆమె మర్నాడు జున్ను పొరల రొట్టె చేసి పంపింది. ఈ స్కానింగ్ సెంటరులో యంత్రం నడిపే రాదిసావ్, ఆమె పెళ్లికి చర్చిలో సాక్షిగా నిలబడ్డవాడు, ఆమె కొడుక్కి జ్ఞానస్నానం చేయించినవాడు. అలాంటివాణ్ని వాళ్లవైపు కూమ్ అంటారు, అతనూ ఆమెను అలాగే పిలుస్తాడు. తోడబుట్టినవాళ్లతో తగాదాలు పడేవాళ్లు కూడా కూమ్ మీద గొంతెత్తరు.

పోయినసారి పరీక్షలో, గడ్డలు ఆ మందును ఎంత పీల్చాయో చెప్పే అంకె బాగా తగ్గింది. క్యాన్సర్ లొంగిందని మందులు ఆపేశారు. స్తమేన చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, చెప్పుల ఫ్యాక్టరీలో తన కుట్టుమిషను ముందు మళ్లీ కూర్చుంది. చలికాలం దాటకముందే మెడలో గడ్డ తేలింది.

పెద్దాసుపత్రిలో కొత్త డాక్టరమ్మ పాత పరీక్షలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "మందెక్కించాక ఎంతసేపు పడుకోబెట్టారమ్మా?" అని అడిగింది. మొదటిసారి గంట, రెండోసారి అందులో సగం అని స్తమేన చెప్పింది.

"గడ్డలు ఆ మందును నెమ్మదిగా పీల్చుకుంటాయి. తొందరపడి తీస్తే అంకె తక్కువే వస్తుంది. రోగం ఉన్నచోటే ఉన్నా తగ్గినట్టు కనిపిస్తుంది. ఇక్కడేమో రెండుసార్లూ గంట అనే రాశారు," అంది డాక్టరమ్మ. మళ్లీ తీయించుకు రమ్మని పంపింది.

స్తమేన ఇప్పుడు రాదిసావ్ కళ్లలోకి చూసింది.

"పోయినసారి నన్నొక్కదాన్నే జరిపావా కూమా?"

"మాట్లాడకు. మందెక్కాక మాట్లాడితే అదంతా గొంతు కండరాల్లోకి పోతుంది."

తెర అవతల పడకకుర్చీలో ముసలాయన కిసుక్కున నవ్వాడు. రైల్వేలో పనిచేసి దిగిపోయిన దోబ్రివోయె.

"నన్నూ జరిపాడమ్మాయ్. అయితే మనిద్దరం చుట్టాలమన్నమాట!"

రాదిసావ్ తల దించుకున్నాడు. "రోజుకు ఇంకో నలుగురికి తీయాలన్నాడు యజమాని. కాదంటే ఉద్యోగం పోతుంది. అందరికీ అలాగే చేశాను."

"అందరికీ చేసిన అన్యాయాన్ని నాకు చేసిన ఉపకారమని చెప్పావు. నేను నీకోసం ప్రార్థన చేయించాను."

స్తమేనకు కోపం కంటే ముందు ఒక సందేహం వచ్చింది. దేవుడి ముందు కట్టుకున్న బంధం యజమాని ముందు ఎందుకింత చిన్నదైపోతుంది? ఆ సంగతి దేవుణ్ని అడగాలా, రాదిసావ్‌నే అడగాలా?

"రాదిసావ్! యంత్రం ఖాళీగా ఉంది!" కారిడార్లోంచి యజమాని కేక వినిపించింది.

"లే కూమా. నీకు దణ్ణం పెడతాను."

"గంట నిండాక లేస్తాను. ఇంకా కాలేదు." ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

రాదిసావ్ తెర పక్కకు తీశాడు. "పోనీ, మీరు రండి తాతా."

"నేను నిద్రపోతున్నాను నాయనా," అన్నాడు దోబ్రివోయె, కళ్లు బాగా తెరిచి అతన్నే చూస్తూ.

రాదిసావ్ ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. కారిడార్లో యజమాని బూట్ల చప్పుడు దగ్గరికి వస్తోంది.