ఇరవై నాలుగో నంబరు

ట్రౌట్ చేపకు నిజం ఈగే అక్కర్లేదు, నిజమనిపిస్తే చాలు. ఆ అబద్ధాన్ని గాలం మీద దారంతో, కోడి ఈకతో కట్టడమే న్యేరి ఊరిచివర రేకుల షెడ్డులో నలభైమంది ఆడవాళ్ళ పని. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఇరవై నాలుగో నంబరంటే నువ్వుగింజంత. అది కట్టే బల్ల కిటికీ పక్కన ఉంటుంది, ఆరుగురికే చోటు. మొదటి కుర్చీ ఇరవయ్యేడేళ్ళుగా గథోనిది. రెండోది ఆమె కోడలు న్యావిరది.

అత్తాకోడళ్ళు పొద్దస్తమానం పక్కపక్కన కూర్చుని కూడా పోట్లాడుకోకపోవడం షెడ్డులో అందరికీ పెద్ద లోటు. పాపం, వాళ్ళకు కాలక్షేపం ఎలా?

గథోనికి దగ్గరి చూపు పోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. దారం ఒక్క చుట్టు ఎక్కువైతే చాలు, గాలం బెజ్జం మూసుకుపోతుంది. అందులో చేపలు పట్టే నైలాను దారం దూరకపోతే ఆ ఈగ ఎందుకూ కొరగాదు. అందుకే కట్టిన ప్రతిదాన్నీ కిటికీకేసి ఎత్తి, బెజ్జంలో వెలుతురు కనిపిస్తేనే డబ్బాలో వేస్తారు. గథోని కూడా ఎత్తి చూసేది, తల ఊపి డబ్బాలో వేసేది. పదింటిలో ఆరు మూసుకుపోయినవే.

పదిగంటల టీకి అత్త లేవగానే న్యావిర ఆ పాడైనవన్నీ ఏరి యాప్రాన్ జేబులో వేసుకుని, తను ఎక్కువగా కట్టిపెట్టుకున్నవి వాటి చోట పడేసేది. నెలరోజులుగా ఇదే దొంగతనం. తల్లిలేని పిల్లగా ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు, చేతిమీద చెయ్యివేసి మూడు నెలలు పని నేర్పింది ఈ అత్తే. కన్నతల్లి ఎలా ఉంటుందో న్యావిరకు ఆ చేతివల్లే తెలిసింది. ఆ కుర్చీ పోతే అత్త మంచం పడుతుందని న్యావిర భయం.

శుక్రవారం సూపర్‌వైజర్ కిరీగో వచ్చి చెప్పింది.

"సోమవారం ఈ బల్లవాళ్ళందరూ నా కళ్ళముందు పదేసి కట్టాలి. కుదరనివాళ్ళు పెద్ద ఈగల బల్లకు పోవాలి."

పెద్ద ఈగల బల్లంటే నిన్నమొన్న చేరినవాళ్ళది. న్యావిరకు రెండు రోజులూ అన్నం సయించలేదు. సోమవారం పొద్దున బయల్దేరేముందు మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, ఒంట్లో బాలేదని ఇవాళ ఉండిపోరాదూ?"

"నాకేమొచ్చిందే? దుక్కలా ఉన్నాను. నడు, ఆలస్యమవుతోంది."

షెడ్డులో కిరీగో స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమెకూ ఒకప్పుడు పని నేర్పింది గథోనే.

"నీతోనే మొదలు పెద్దమ్మా," అంది ఎటో చూస్తూ.

గథోని దారం ముట్టుకోలేదు. చేతిరుమాలు విప్పి బల్లమీద ఇన్ని ఈగలు కుమ్మరించింది.

"ఇవి నేను కట్టి పాడుచేసినవి. చివరి ముడికి నాలుగే చుట్లు వేసేది నేనొక్కదాన్నే, గోరుతో తడిమితే తెలుస్తుంది. నిన్న దీని యాప్రాన్ ఉతుకుతుంటే వేలికి గుచ్చుకున్నాయి. నెలరోజులుగా నా డబ్బాలో నువ్వు లెక్క చూసుకున్నవాటిలో సగానికిపైగా దీనివే."

"అత్తయ్యా, ఊరుకో," అంది న్యావిర.

"నువ్వూరుకోవే దొంగపిల్లా." గథోని కిరీగో వైపు తిరిగింది. "ఇద్దరి పనీ ఇదొక్కతే చేసింది. ఒక్కటైనా వెనక్కి వచ్చిందా? రాలేదుగా. కిటికీ పక్క కుర్చీ దీనికియ్యి. నాకు పెద్ద గాలాలు చాలు, అవైతే అవుపిస్తాయి."

కిరీగో తల ఊపింది. గథోని గాలాన్ని బిగించి పట్టుకునే తన వైసును మర విప్పి తీసుకుని చంకలో పెట్టుకుని, షెడ్డు ఆ చివరకు నడిచింది.

"జరగండమ్మా, కొత్తపిల్లనొచ్చాను, చోటివ్వండి," అని చిన్నవాళ్ళ మధ్య కూర్చుంది.

న్యావిర మొదటి కుర్చీలోకి మారింది. అత్తను కాపాడుతున్నానని నెలంతా అనుకుంది. తీరాచూస్తే అత్తే తనను ఇక్కడ కూర్చోబెట్టి వెళ్ళింది. గాలం బిగించింది కానీ, అది మసకమసకగా కదులుతోంది. తల వంచుకుని ఈకను వెతుక్కుంది.

"ఏయ్ న్యావిరా," ఆ చివరినుంచి కేక వినబడింది. "ఏడుపాపు. ఈకలు తడిస్తే అంటుకుపోతాయి."

అంత దూరానికీ గథోనికి కోడలి మొహం స్పష్టంగానే కనిపిస్తోంది.