ఎనిడ్ దీపం వెయ్యలేదు

మోర్‌కమ్ అనే ఇంగ్లీషు ఊళ్లో, సముద్రపొడ్డున పొద్దు గుంకి చాలాసేపయినా ఎనిడ్ నడవాలో దీపం వెయ్యలేదు. వేస్తే టీకి వచ్చిన సెడ్రిక్ లేచి వెళ్లిపోతాడు. రేపు పొద్దున రైలెక్కి, దక్షిణాదిన ఉన్న మేనకోడలి దగ్గరికి శాశ్వతంగా తరలిపోతున్నాడు. ఉండిపొమ్మని చెప్పడానికి ఆమెకు మిగిలింది ఈ సాయంత్రమే. నోరు మాత్రం పెగలడం లేదు.

సముద్రంలోకి కట్టిన వంతెన చివర నాటకశాల నడిచిన రోజుల్లో, తెర పక్కన కూర్చుని నటులకు సైగలిచ్చింది ఎనిడే. ఎర్రబల్బు వెలిగితే సిద్ధంగా ఉండాలి, పచ్చబల్బు వెలిగితే కదలాలి. ఆ నటుల్లో సెడ్రిక్ జనాన్ని నవ్వించడంలో ఘనుడేగానీ తన జ్ఞాపకశక్తి మీద ఆయనకే నమ్మకం లేదు. నమ్మకమంతా ఎనిడ్ దీపం మీదే. ఒకసారి పచ్చబల్బు కాస్తా మాడిపోయింది. వేదిక మీద కథానాయిక "అదిగో, మామయ్య వచ్చేశాడు!" అని గొంతు చించుకుంటున్నా ఈ మహానుభావుడు తెరచాటున గుంజలా నిలబడ్డాడు. ఎనిడే ఆయన వీపు మీద ఒక్కటిచ్చి తోస్తే వెళ్లి కథానాయిక ఒళ్లో పడ్డాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులు, ఆ రంగుల వాసన, చెక్కల కింద అలల హోరు తలచుకుంటే ఎనిడ్‌కి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఎంత మంచి రోజులవి!

నాటకశాల మూతపడ్డాక సెడ్రిక్ ప్రతి ఆదివారం టీకి రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒంటరివాళ్లే. సాయంత్రం ఆమె నడవాలో దీపం వెయ్యగానే "దట్స్ మై క్యూ" అంటూ టోపీ అందుకునేవాడు. సైగ అందింది, ఇక కదలాలి అని నాటకాలవాళ్ల మాట. ఆ దేశంలో మర్యాదగా సెలవు తీసుకోవాలంటే చేపలమ్మేవాళ్లు కూడా అదే అంటారు. లేచిన మనిషిని బలవంతాన కూర్చోబెట్టడం అక్కడ పద్ధతి కాదు. ఆమె నవ్వుతూ తలుపు తీసేది, తరవాత కప్పులు కడుగుతూ తనను తానే తిట్టుకునేది.

"కరెంటు పోయిందేంటమ్మాయ్?" అన్నాడు సెడ్రిక్.

"ఏం పోలేదు. ఇంకో అల్లం కేకు తిను."

"తింటాన్లే. ముందు నోరెక్కడుందో వెతుక్కోవాలిగా!"

నవ్వుతూ తనే వెళ్లి నడవాలో దీపం వేశాడు. కోటు తొడుక్కున్నాడు. చెయ్యి అలవాటుగా టోపీ మీదికి పోయింది.

"సరే మరి, దట్స్ మై..."

"నోర్ముయ్ సెడ్రిక్!"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"చీకటి పడిందని వేసేదాన్నయ్యా దీపం," అంది ఎనిడ్. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నిన్ను పొమ్మని వెయ్యలేదు."

సెడ్రిక్ చెయ్యి దించేశాడు.

"నేను పొద్దు గుంకుతోందంటేనే భయపడేవాణ్ని, తెలుసా?" అన్నాడు మెల్లగా. "సిద్ధపడమంటానికి దీపముంది, కదలమంటానికి దీపముంది. ఉండమనటానికి మన నాటకాల్లో దీపమే లేదు కదమ్మాయ్."

"ఉండు," అంది ఎనిడ్.

ఆయన కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"మా మేనకోడలికి నువ్వే చెప్పాలి మరి," అన్నాడు. "నాకసలే మాటలు గుర్తుండవు."