రెండు డిస్కుల కెప్టెన్

"బాపూ, నువ్వు చెప్పిన సినిమా లోకంల ఏడ లేదట" అంటూ నా బిడ్డ రచన బడి సంచిని మంచం మీద పడేసింది. ఆరో తరగతి చదువుతోంది. కోపమొస్తే అచ్చం వాళ్ల నాయనమ్మ కనకవ్వే, మాట తక్కువ, మూతి ఎక్కువ.

నేనప్పుడే సాంచాల షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. నా పని అతుకులు పట్టడం. సాంచ మీద నూలు చుట్టిన భీము ఒకటి అయిపోవస్తే, కొత్త భీము పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. ఒక్క పోగు తప్పినా బట్టలో గీత పడుతుంది. ఈ శ్రీహరి పట్టిన అతుకులో గీత పడిందన్న ఆసామి ఇంతవరకు లేడు. గొప్పకే చెప్పుకుంటున్నాను, ఏమనుకోకండి.

"ఏ సినిమా బిడ్డా?"

"గదే. శనిగ్రహ సైన్యం. క్లాసుల చెప్తే అందరు నవ్విండ్రు. నా ఇజ్జత్ పోయింది."

ఆ సినిమా సంగతి చెప్పాలి. నాకు పదమూడేళ్లప్పుడు సిరిసిల్లలో సాంచాలు బందయ్యాయి. మా బాపు దశరథం పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భివండి పోయాడు. ఆరు నెలలు కబురు లేదు. ఆ రోజుల్లో మా వాడకు కేబుల్ ఇచ్చే అంతయ్య ప్రతి ఆదివారం మధ్యాహ్నం తన సొంత చానల్లో తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లీషు సినిమా వేసేవాడు. ఉన్నవే నాలుగైదు సినిమాలు. శనిగ్రహ సైన్యం నెలకోసారి వచ్చేది. నేను పక్కింటి గడపలో కూర్చుని చూసేవాణ్ణి.

అందులో కెప్టెన్ తన మనుషులందర్నీ నౌక ఎక్కిస్తాడు. తలుపు బయటి నుంచే మూయాలి. మూసి, మంచు గ్రహం మీద తానొక్కడే ఉండిపోతాడు. రేడియో పట్టుకుని "ఎవరైనా వింటున్నారా?" అని అడుగుతాడు. అక్కడ ఇంటర్వెల్. తర్వాత దుమ్ము లేపుకుంటూ ఓ పాత నౌక దిగుతుంది, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చెయ్యి పట్టి లోపలికి లాక్కుంటారు. ఆపైన పెద్ద యుద్ధం, గెలుపు, ఇల్లు. మంచు మీద దుమ్మెలా లేచిందని నేనెన్నడూ అడగలేదు. నాకు కావలసింది ఆ నౌక రావడం. ఆ ఏడు వానాకాలం మా బాపు కూడా వచ్చాడు, రెండు చేతుల్లో రెండు సంచులతో. నాకేమీ వింతనిపించలేదు. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారని నాకప్పటికే తెలుసు.

రచన నాలుగేళ్ల పిల్లప్పటి నుంచి ఆదివారం అన్నాలయ్యాక ఈ కథే చెబుతున్నాను. ఆమె గ్లాసు నోటికి పెట్టుకుని రేడియో అయ్యేది, నేను నౌక అయ్యేవాణ్ణి. ఇంట్లో ఎన్ని పనులున్నా ఆ గంట మాది.

ఇప్పుడు ఆమె క్లాసులో రెండు పార్టీలున్నాయట. శనిగ్రహ సైన్యం ఎనిమిది భాగాలు. దానికి పోటీగా ఆఖరి కక్ష్య అని ఇంకో కంపెనీది ఆరు భాగాలు. ఈ పార్టీ వాళ్లు ఆ పార్టీకి పెన్సిల్ కూడా ఇవ్వరు. రచన లేచి నా కథ చెప్పిందట. సగం ఒకదానిదీ సగం ఇంకొకదానిదీ అని రెండు పార్టీలూ కలిసి నవ్వాయి. వాళ్లు ఒక్కటైంది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారం అన్నాలయ్యాక నేను చాప పరిచి కూర్చున్నాను. రచన పుస్తకం పట్టుకుని నాయనమ్మ గదిలోకి పోయింది. పదకొండేళ్ల పిల్ల ఒకసారి వినడం మానేస్తే మళ్లీ వింటుందా? ఇంకో రెండేళ్లయితే అసలు కూర్చుంటుందా?

"ముప్పైయారేండ్లొచ్చినయ్, సినిమా కోసం మొకం మాడ్చుకుంటవా" అన్నది నా భార్య రోజారాణి. "పోయి ఆ అంతయ్యనే అడుగరాదు?"

అంతయ్య ఇప్పుడు బి.వై. నగర్ మూలమీద కిరాణా కొట్టు నడుపుతున్నాడు. నేను అడిగింది విని పప్పు తూకం ఆపకుండానే చెప్పాడు.

"ఒక్కో సినిమాకు రెండు డిస్కులుండేరా. శనిగ్రహంది రెండోది గీతలు పడి ఆడలే. ఆఖరి కక్ష్యది మొదటిది ఎవడో పట్టుకపోయి తేలే. ఉన్న రెండు కలిపి ఏసిన."

"అది మోసం కాదా మామా?"

"ఏం మోసం? రెండిట్ల కెప్టెనే ఉన్నడు, నౌకనే ఉన్నది. మాటలు చెప్పినోడు గూడ ఒక్కడే. వాడకట్టంత మూడేండ్లు చూసింది, ఎవ్వడన్న అడిగిండా?"

ఎవడూ అడగలేదు. అతుకులు పట్టే నేను కూడా అడగలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నాను కానీ నవ్వొచ్చింది. అంతయ్య చెయ్యి నా చేతికంటే గట్టిది.

ఇంటికొచ్చి రచనతో ఉన్నదున్నట్టు చెప్పాను. "నేను అబద్ధం చెప్పలే బిడ్డా. నాకు గంతే తెలుసు. రెండు సినిమాలు మొదటి నుంచి చూద్దాం. నువ్వు కూసుంటవా?"

ఆమె పుస్తకం మూసింది. "చూస్తే రెండు చూడాలె. ఒక్కటే చూస్తే పార్టీ అయితది."

మరుసటి శనివారం నెట్‌లో వెతికి టీవీలో ఆఖరి కక్ష్య మొదటి భాగం చూశాం. ఎంత బాగుందో చెప్పలేను. ఆ నౌకలో ఏ వస్తువూ కొత్తది కాదు, అన్నిటికీ అతుకుల మాట్లే. అందులోని వాళ్లు చాయ్ హోటల్ ముందు మా షెడ్డు వాళ్లలాగే తగవులాడుకుంటారు. మొదటి సగం నాకు పూర్తిగా కొత్త. రెండో సగంలో దుమ్ములోంచి వాళ్లు లాక్కునేది నా కెప్టెన్ని కాదు, ఎవడో సరుకు దొంగని. దుమ్ము ఎందుకు లేచిందో కూడా తెలిసింది, అది ఎడారి గ్రహం. రచన పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆదివారం శనిగ్రహ సైన్యం మొదటి భాగం. ఇది వేరే తీరు. నౌకలో శబ్దమే ఉండదు. కెప్టెన్ ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాడు, వంట చేసేవాడితో సహా. చిన్నప్పుడు ఆ టీవీ గీతల్లో నాకు కనబడని శని వలయాలు ఇప్పుడు గోడంతా పరుచుకున్నట్టు కనబడ్డాయి. రచన నోరు తెరిచి చూస్తోంది. ఇంత అందమైనవి రెండు నాకు ఒకే టికెట్టు మీద దొరికాయి కదా అని గర్వపడ్డాను. ఆ రెండు పార్టీల పిల్లలకు ఆ అదృష్టం లేదు.

కెప్టెన్ తలుపు మూశాడు. రేడియో తీశాడు.

"ఎవరైనా వింటున్నారా?"

నాకు తెలిసిన సినిమా అక్కడితో సరి. ఆ తర్వాతది నేనెన్నడూ చూడలేదు. మంచు కురిసింది. ఆయన మళ్లీ అడిగాడు. ఒక్కొక్కరి పేరూ చెప్పి జాగ్రత్తలు చెప్పాడు. హెల్మెట్ లోపలి దీపం తగ్గుతూ తగ్గుతూ ఆరిపోయింది. ఎవరూ రాలేదు.

ఇరవై మూడేళ్లు ఆయన ఇల్లు చేరాడనే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. భివండిలో మా బాపు ఉన్న గది, ఆ ఆరు నెలలు, నేను పక్కింటి గడపలో కూర్చోవడం అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. బాపు రాకపోయి ఉంటే అన్న మాట నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

రచన టీవీ వైపు చూడటం మాని నా వైపు చూస్తోంది. రిమోట్ తీసుకుని సినిమా ఆపింది.

"చివరిదాంక చూద్దాం బిడ్డా. ఆయన మనుషులు ఆయన్ను తలుసుకునుడు ఉంటదేమో."

"జర ఆగు."

సినిమాను వెనక్కి తిప్పి రేడియో దగ్గర పెట్టింది. కెప్టెన్ మళ్లీ అడిగాడు, "ఎవరైనా వింటున్నారా?" మాట పూర్తి కాగానే అది మూసేసి ఆఖరి కక్ష్య తీసింది. ఎక్కడికి పోవాలో ఆమెకు గుర్తుంది. తెర మీద దుమ్ము లేచింది. మాట్లు వేసిన నౌక కిందికి వస్తోంది.

"వీళ్లు వేరే కంపెనోళ్లు బిడ్డా" అన్నాను. "ఆయన పిలిస్తే వీళ్లకు ఇనవడది."

రచన జరిగి నా పక్కన కూర్చుంది.

"ఇనవడ్డది బాపూ. చూడు, దిగుతుండ్రు."