గదుల్లో రాలిన బియ్యం

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో సెరీనా నడిపే ఆడపిల్లల హాస్టల్లో పొద్దుటి పని చీపురుతోనే మొదలవుతుంది. పిల్లలు ఇంత ఉప్మా తిని, బ్యాగులు తగిలించుకుని క్లాసులకు పరుగెత్తగానే ఆమె కొంగు నడుముకు దోపి గది గదికీ తిరుగుతుంది. జుట్టు ఉండలు, బిస్కట్ కాగితాలు ఏ హాస్టల్లోనైనా ఉండేవే. వాటితోపాటు చెవుల్లోంచి రాలినవి కూడా ఊడవాలి. అదీ ఆమె తంటా.

పాడ్‌కాస్టులు వినే పిల్లలు ఇయర్‌ఫోన్లు తీసినప్పుడల్లా, అవతల మాట్లాడిన మనిషి కూర్చున్న చోటిది ఏదో ఒకటి వాళ్ల చెవుల్లోంచి కాస్త రాలుతుంది. మంజూష వినేది వంటల కార్యక్రమం. చెప్పే ఆవిడ తన వంటింట్లోనే కూర్చుని చెబుతుంది కాబట్టి మంజూష దిండు చుట్టూ ఆవాలు, కరివేపాకు. సుమశ్రీకి కోటల చరిత్ర కావాలి. ఆ చెప్పే పెద్దమనిషి కోట గోడల మీద తిరుగుతూనే మాట్లాడతాడట, ఆ పిల్ల మంచం కింద ఎప్పుడూ ఎర్రమట్టే. ధాత్రి హత్య కేసులు వింటుంది. అవి చెప్పేవాడెవడో సిగరెట్టు మానడు, దుప్పటి నిండా బూడిద. షేర్ మార్కెట్ సంగతులు వినే పిల్ల దగ్గర మాత్రం కాస్త ఏసీ చల్లదనం తప్ప ఏమీ రాలదు. సెరీనాకు ఆ పిల్లంటే ప్రత్యేకమైన అభిమానం.

వీటన్నిటికీ ఓర్చుకునేది గానీ, బియ్యం దగ్గర మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. ఏడాదిగా ఏ గది ఊడ్చినా బియ్యపు గింజలే. మంచాల కింద, పుస్తకాల నడుమ, కిటికీ గట్టు మీద కూడా. హాస్టల్లో బియ్యానికి కొదవేముంది? ఈ పిల్లలు బస్తాల్లోంచి గుప్పిళ్లు గుప్పిళ్లు తీసుకెళ్లి పచ్చివే బుక్కుతున్నారని ఆమె తేల్చేసుకుంది.

“పచ్చి బియ్యం బుక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు? కడుపుల పురుగులైతయి. రేపు పెండ్లినాడు వాన దంచికొడ్తది, అప్పుడు తెలుస్తది!” అని అన్నం వడ్డిస్తూ తిట్టేది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని “సరే ఆంటీ” అనేవాళ్లు. చిన్న మాటకు కూడా ఎదురు చెప్పే ధాత్రి సైతం తల దించుకునేది. అంత బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో అని సెరీనా ఆలోచించలేదు. పారేయడానికి చేతులు రాక, ఆ గింజల్ని చేటలో పోసి చెరిగి, కడిగి, మధ్యాహ్నం ఎసట్లో కలిపేసేది. భర్త యెషయా చొక్కా ఉతకబోతే జేబులోనూ అవే. పొద్దున్నే స్కూటర్ మీద ఎర్రగడ్డ రైతుబజారుకు పోయి కూరగాయలు తెచ్చే మనిషి, ఏ కొట్టు ముందో బస్తాలో చెయ్యి పెట్టి చూసుంటాడులే అనుకుంది.

సెరీనా మాత్రం ఎన్నడూ చెవుల్లో ఏదీ పెట్టుకోలేదు. ఇయర్‌ఫోన్లు కంటబడితేనే ఆమె మొహం తిప్పుకునేది. దానికి కారణం డయానా.

సెరీనా, యెషయాలకు డయానా ఒక్కగానొక్క కూతురు. పంజాగుట్టలో ఒక ఆఫీసులో పనిచేసేది. సాయంత్రం ఇల్లు చేరగానే మొహం కూడా కడుక్కోకుండా ఫోను పట్టుకుని స్టోర్ గదిలో దూరేది. ఆ గదిలో బియ్యం బస్తాల మధ్య కూర్చుంటే సందులో మైకుల గోల వినబడదని అక్కడే తన పాడ్‌కాస్ట్ రికార్డు చేసేది. ఎవరేం వినాలో చెప్పడమే అందులో సంగతి. వారానికొక మనిషిని పట్టుకునేది. నీకేం ఇష్టం, నిద్ర పడుతుందా, దేనికి భయపడతావు అని అడిగి అడిగి, ఆ మనిషికి సరిపోయే పాడ్‌కాస్టులు వెతికిపెట్టేది. నిద్ర పట్టని వాచ్‌మన్‌కు సముద్రపు ఒడ్డున కూర్చుని చెప్పే కథలు. ఇంటర్వ్యూ అంటే వణికిపోయే పిల్లకు, ఇంటర్వ్యూల్లో తప్పీ తప్పీ చివరికి గట్టెక్కినవాళ్ల ముచ్చట్లు. మంజూషకు వంటలు, ధాత్రికి హత్యలు అంటగట్టింది కూడా డయానానే.

తల్లిని బతిమాలి అడిగింది, విసిగించి కూడా అడిగింది.

“అమ్మా, నీకేం ఇష్టమో చెప్పు. నీ మీద ఒకటి చేస్త.”

“నాకేం ఇష్టాలుంటయే? మీరు తింటే చాలు. జరుగు, పప్పు మాడుతది.”

పోయిన వానాకాలం ఒకరోజు డయానా తల పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడింది. కళ్ల వెనక పోట్లు పొడుస్తున్నాయంది. ఒళ్లు వెచ్చగా ఉంది. “పొద్దస్తమానం చెవుల్ల గవి పెట్టుకుంటే తల నొవ్వక ఏమైతది?” అని సెరీనా కసిరి, ఇయర్‌ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. జ్వరం గోళీ ఇచ్చి పడుకోమంది. తప్పంతా ఆ తీగల మీదికి తోసేశాక, డెంగీ అన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. “ఒక్కరోజు ముందు తెచ్చుంటే బాగుండేది” అన్నాడు డాక్టర్. పాపం అతనేదో ఉన్నమాట అన్నాడు. కానీ ఆ మాట సెరీనా గుండెలో దిగి అక్కడే ఉండిపోయింది. ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే ఆమె పాటల పుస్తకం తెరుచుకుని ఊరికే నిలబడేది. బీరువాలో ఆ అర తాళం మళ్లీ తీయలేదు.

ఈ వానాకాలం, ఒక పొద్దున గదులు ఊడుస్తూ వస్తే, జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన సుష్మిత దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

“ఏందే, క్లాసుకు పోలే?”

“తల మస్తు నొస్తుంది ఆంటీ. కండ్ల ఎనక గుంజుతుంది.”

“పొద్దస్తమానం చెవుల్ల గవి…”

మాట సగం బయటికి వచ్చేసింది. కొత్త పిల్ల కదా, ఆ గొంతుకే హడలిపోయి గబుక్కున ఇయర్‌ఫోన్లు పీకేసింది. చెవుల్లోంచి బియ్యం జలజలా దిండు మీద రాలాయి.

సెరీనా చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. చెవుల్లోంచి ఏదో రాలడం ఆమెకు కొత్త కాదు. కానీ బియ్యం బస్తాల మధ్య కూర్చుని మాట్లాడే మనిషి ఆమెకు తెలిసి లోకంలో ఒక్కతే.

“ఏం వింటున్నవ్?”

సుష్మిత ఏడుపు మొహం పెట్టింది. “మీకు చెప్పొద్దని ధాత్రక్క ఒట్టేయించుకున్నది ఆంటీ. కొత్తగ ఎవరొచ్చినా ముందుగాల డయానక్కదే వినమంటరు. అందరం అదే వింటం. మీకు తెలిస్తే తట్టుకోరని…” ముక్కు తుడుచుకుని, “అంకుల్ సుత వింటడు, బండి మీద పోయేటప్పుడు” అంది.

ఏడాది పొడుగునా తిట్టింది, చెరిగింది, కడిగింది, వండింది. హాస్టలంతా తిన్నది. తనూ తిన్నది. సెరీనా మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఆమెకు గట్టిగా ఏడవాలనిపించింది. కానీ చెయ్యి ముందే కదిలి సుష్మిత నుదుటి మీద పడింది. నుదురు కాలిపోతోంది.

“లే బిడ్డా. చెప్పులేస్కో.”

“గోళీ ఏస్కుంటే తగ్గుతదేమో ఆంటీ…”

“గోళీ లేదు, గీళీ లేదు. లే!”

యెషయా ఆటో తెచ్చేలోపే ఆమె ఆ పిల్లను నడిపించుకుంటూ సందు చివరికి వచ్చేసింది. బేగంపేట వైపు ఉన్న ఆస్పత్రిలో రక్తం తీసి చూశారు. డెంగీయే. ప్లేట్‌లెట్లు అప్పటికే పడిపోతున్నాయి. “తొందరగ తెచ్చిండ్రు, నయం. ఫికర్ చేయకుండ్రి” అంది అక్కడి డాక్టరమ్మ. ఆ మాట వినగానే సెరీనా బయట వరండాలోకి వచ్చి, గోడకు ఆనుకుని, నలుగురూ చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. ఊరినుంచి దిగిన సుష్మిత తల్లి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

సుష్మిత కోలుకుని హాస్టలుకు వచ్చిన రోజు మధ్యాహ్నం, సెరీనా బీరువా తాళం తీసింది. డయానా ఇయర్‌ఫోన్లు పెట్టినచోటే ఉన్నాయి. యెషయా తన ఫోన్లో వెతుకుతూ, ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు.

“ఏది పెట్టమంటవ్?”

“ఆఖరుది.”

“అది నేను సుత పూర్తిగ వినలే” అన్నాడు అతను. చెరొక చెవిలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నారు.

డయానా గొంతు నవ్వుతూ మొదలైంది. “ఈ వారం మా అమ్మ మీద చేద్దామనుకున్న. ఏం ఇష్టమే అంటే చెప్పదు. పప్పు మాడుతదంటది. అందుకే ఈ వారం ఎవరికీ ఏం లేదు, మాఫ్ చేయుండ్రి. మీ అమ్మ సుత గట్లనే అంటే పరేషాన్ కాకుండ్రి. ఏదో ఒకరోజు తనే చెప్తది. నేనైతే ఆగుత.”

బస్తా మీదినుంచి లేచిన చప్పుడు. అంతే, అయిపోయింది.

యెషయా తువ్వాలులో మొహం దాచుకున్నాడు. సెరీనా ఫోను వైపు వంగి, అవతల మనిషి ఉన్నట్టే చెప్పింది. “నువ్వు మాట్లాడుతుంటే వినుడు ఇష్టం బిడ్డా. ఇంకేం లేదు.”

తర్వాత ఆమె చెవిలోది తీసింది. ఒడిలో బియ్యం రాలాయి. కొంగులో ఏరుకుంటే గుప్పెడు కూడా కాలేదు. కొన్నయినా బైబిల్లో దాచుకుందామని వేరు చేసింది. ఇంతలో పైగదిలోంచి సుష్మిత దగ్గు వినిపించింది. ఆ పిల్ల పొద్దుటినుంచి ఏమీ తినలేదు. సెరీనా వేరు చేసినవి కూడా మళ్లీ కలిపేసి, కడిగి, పొయ్యి మీద పెట్టి మెత్తగా జావ కాచింది. చిటికెడు ఉప్పు వేసి గిన్నెలో పోసుకుని మెట్లెక్కింది.

సుష్మిత లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. సెరీనా గిన్నె ఆమె చేతికి ఇచ్చి, పక్కనే మంచం మీద కూర్చుంది.

“మెల్లగ తాగు, కాలుతది” అంది. “మా డయానా పంపింది.”