ఎడమ చెయ్యి వంతు

నన్ను మోసం చేయగలిగినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. చిన్నప్పుడు రేపు సెలవని క్లాసు మొత్తాన్నీ నమ్మించినదాన్ని నేను. మా పెద్దమ్మకి కరెంటాఫీసు గుమాస్తా గొంతుతో ఫోన్ చేసి, "మీ లైన్లో కరెంటు పొంగుతోందమ్మా, మీటరు కింద బకెట్ పెట్టుకోండి" అంటే పెట్టింది. ఉత్త బకెట్ కాదు, మూతున్న బకెట్. అలాంటి నన్ను మోసం చెయ్యాలంటే ఇంకో జన్మెత్తాలి అనుకునేదాన్ని. పోయిన నెల గిన్నెలు తోముతుండగా తెలిసింది, అలాంటివాడు పుట్టాడనీ, నాకంటే ముందే పుట్టాడనీ, నేనే ఏరి కోరి పెళ్ళి చేసుకున్నాననీ.

మా ఆయనకి బోర్డు గేమ్‌ల పిచ్చి. పాములూ నిచ్చెనలూ అనుకునేరు. ఒక్కో పెట్టె గ్యాస్ స్టవ్వంత ఉంటుంది. బీరువా మీద అవే, మంచం కింద అవే. ఇంకో రెండొస్తే మేం వెళ్ళి మెట్లమీద పడుకోవాలి. కొత్త పెట్టె రాగానే కార్డులన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు తొడగాలి. అది నా పని. మా ఇంట్లో దిండ్లకి గలీబులు లేకపోవచ్చుగానీ, ఒంటిమీద బట్టలేని కార్డు ఒక్కటి చూపించండి. రూల్సు పుస్తకం చదవడం కూడా నా పనే. "నువ్వు చదివి చెప్పు, నాకు చదివితే ఎక్కదు" అంటారు. ఇంజనీరింగ్ ఎలా ఎక్కిందో నేను అడగలేదు. మా అత్తగారైతే ఫోన్ చేసినప్పుడల్లా, "మావాడు తాగడు, తిరగడు, ఇంటిపట్టున కూర్చుని బొమ్మలాడుకుంటాడు. నీ అంత అదృష్టవంతురాలు ఎవరే?" అంటుంది. అదృష్టం ఆ పూట గిన్నెల దొంతరలో కనిపిస్తుందేమోనని నేనూ వెతుకుతుంటాను.

ఆదివారం ఆదివారం ఆయన స్నేహితులిద్దరు వస్తారు, పళ్ళ డాక్టరూ లాయరూ. ముగ్గురూ ముందుగదిలో మైకు చుట్టూ చేరి ఆ వారం ఎవరేం ఆడారో, ఏ ఎత్తుకి ఏం పై ఎత్తు వేశారో మాట్లాడుకుంటారు. అది రికార్డు చేసి నెట్‌లో పెట్టి, దాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. వినేవాళ్ళు మా అపార్టుమెంటు లిఫ్టులో పట్టేంతమంది, అదీ లిఫ్టు బాగున్నరోజు. "వదినా, టిఫిను పొడిపొడిగా ఉండాలి. కార్డుకి నూనె అంటిందా, ఇక అంతే" అంటారు పళ్ళ డాక్టరు, పన్ను పీకేముందు చెప్పేంత గంభీరంగా. "టీ పెట్టేసి తలుపు దగ్గరికి లాగు, గిన్నెల చప్పుడు మైకులో పడుతోంది" అంటారు మా ఆయన. నా ఆఫీసులోనూ ఇంతే. మీటింగులో నలుగురం ఒకే హోదావాళ్ళం, కాకపోతే కప్పులు మాత్రం నా హోదా.

ఇన్ని చెప్పినా ఆ ఆటలంటే నాకు కోపం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నా, ప్రాణం. రాత్రి భోజనాలయ్యాక ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఒక ఆట ఆడతాం. గెలుపు సంగతి అటుంచండి. ఈ ఇంట్లో వంట నా వంతు, అంట్లు నా వంతు, అత్తగారి ఫోనెత్తడం నా వంతు, కానీ ఆ వంతుల కోసం ఎవరూ ఎదురుచూడరు. ఆ బల్ల దగ్గర మాత్రం ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "నీ వంతు" అని, నేను ఆలోచించినంతసేపూ నోరు మూసుకుని నావంక చూస్తారు. నా బుర్రలో ఏముందోనని భయపడుతూ చూస్తారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నన్ను అంత శ్రద్ధగా చూసిన చోటు అదొక్కటే. వరసగా రెండు ఆటలు ఓడితే మూడోరోజు ఆయనకి తలనొప్పి వస్తుందన్నమాట నిజమే. ఆ తలనొప్పికి మందు కూడా నేనే కనిపెట్టాను, అది తర్వాత చెబుతాను.

మా ఇద్దరికీ బాగా ఇష్టమైన ఆట ఒకటుంది. దీవులు, రేవులు, సరుకులు మోసే చెక్క పడవలు. ఆ పడవలు అచ్చం అరిగిపోయిన చెప్పుల్లా ఉంటాయి, అందుకని మేం వాటిని చెప్పులనే అంటాం. రెండు దీవుల మధ్య ఇరుకు దారి ఉంది. ఒకరోజు నేను నా చెప్పొకటి తెచ్చి అక్కడ అడ్డంగా పెట్టి ఊరుకున్నాను. దానిమీద సరుకు వెయ్యను, కదపను. ఆయన పడవలన్నీ సరుకులతో సహా వెనకాల ఆగిపోయాయి. "ఓసి నీ! గుమ్మంలో చెప్పు పెట్టేశావే!" అన్నారు. అన్నప్పుడు ఆయన కళ్ళలో కనిపించింది చూసి, ఆ రాత్రి నేను అంట్లు తోమకుండా పడుకున్నాను. గిన్నెలకి కూడా నామీద గౌరవం పెరిగుంటుంది.

ఇక గిన్నెల రోజుకొస్తాను. చెవిలో ఏదో ఒకటి మోగుతుంటే పని సాగుతుందని, మా ఆయన పాడ్‌కాస్ట్ మొదటిసారి పెట్టుకున్నాను. "నీకు బోరు కొడుతుందిలే" అని ఇన్నాళ్ళూ విననివ్వలేదు. అందులో మా ఆయన గొంతు:

"ఈ వారం కూడా సోలోనే రా. రెండు చేతులూ నేనే."

సోలో అంటే, జత దొరకనివాళ్ళు రెండువైపులా తామే ఆడుకోవడం. కుడిచేత్తో ఒక ఎత్తు, ఎడమచేత్తో దానికి పై ఎత్తు. ఏ ఒక్క చేతివైపూ మొగ్గకుండా ఆడాలి కాబట్టి వీళ్ళలో దానికి మహా మర్యాద.

"నా ఎడమ చెయ్యి ఏం చేసిందనుకున్నావ్? ఇరుకు దారిలో ఒక్క పడవని అడ్డంగా పెట్టి కూర్చుంది. కుడి చెయ్యి గిలగిల్లాడిపోయింది!"

"ఒరేయ్, నీ ఎడమ చెయ్యి నీకంటే తెలివైందిరా" అన్నారు లాయరు. ముగ్గురూ నవ్వారు. చేతిలో సబ్బు నురగతో నేనూ నవ్వబోయాను, ఎవరో తెలివైనవాళ్ళ గురించి కదా అని. తర్వాత నా చెయ్యివంక చూసుకున్నాను.

పాత భాగాలన్నీ విన్నాను. నా ఎత్తులన్నీ ఉన్నాయి, ఒక్కటీ పొల్లు పోలేదు. నేను లేను. పెళ్ళాంతో ఆడానని ఒక్కచోట నోరు జారినా క్షమించేసేదాన్ని. కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటారు. దొంగతనం సంగతి ఎవరూ చెప్పలేదు. చేతివాటం అని ఊరికే అనలేదు. టీలూ టిఫిన్లూ పోతే పోయాయి, అవెప్పుడూ నా పేరు మీద లేవు. నావంక ఆయన చూసిన ఆ చూపు ఒక్కటే నాదనుకున్నాను. అది కూడా తన ఎడమచేతివంక చూసుకోవడమేనన్నమాట.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పాడ్‌కాస్ట్‌లో ఏం చెబుతుంటారండీ?" అని అడిగాను. అన్నం కలుపుతూనే, "ఏవో ఆట కబుర్లు. నీకెందుకు?" అన్నారు.

నాకెందుకో మర్నాడు ఆలోచించి, పాడ్‌కాస్ట్‌కి వాయిస్ మెసేజ్ పంపాను. కొత్త నంబరు నుంచి, ఫోన్‌కి చేతిరుమాలు చుట్టి, రిటైర్డ్ హెడ్మాస్టరు గొంతుతో. "నాయనా, నేను ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. మీ ఎడమ చెయ్యి లాంటి బుర్ర నా సర్వీసులో చూళ్ళేదు. కుడి చెయ్యి మాత్రం వెనక బెంచీ రకం." మధ్యలో దగ్గాను కూడా. ఆ దగ్గుకి నాకే జాలేసింది.

మా ఆయన ఆనందం చూడాలి. "హెడ్మాస్టరుగారట! నా ఎడమ చేతికి అభిమాని!" అని ఇల్లంతా తిరిగారు. "ఆయనకి మంచి అభిరుచి ఉన్నట్టుందండీ" అన్నాను. తర్వాతి మెసేజ్‌లో హెడ్మాస్టరుగారు కోరిక బయటపెట్టారు: ఒక్క ఆదివారం మైకు ముందే రెండు చేతులతో ఆడి చూపించు నాయనా, ఎప్పుడు పోతానో ఏమో. పళ్ళ డాక్టరూ లాయరూ ఎగిరి గంతేశారు. మా ఆయన గొంతులో వెలక్కాయ పడింది.

శనివారం ఆయన బల్ల దగ్గర కూర్చుని, "ఊరికే అడుగుతున్నా, నువ్వు గుమ్మంలో చెప్పు ఎప్పుడు పెట్టాలో ఎలా తెలుసుకుంటావ్?" అన్నారు. నేను ఎలా ఆలోచిస్తానో ఆయన అడగడం అదే మొదలు. తప్పు చెప్పి నట్టేట ముంచుదామనుకున్నదాన్ని కాస్తా, మంచులా కరిగిపోయి, పొయ్యిమీద కూర అడుగంటుతున్నా పట్టించుకోకుండా, ఉన్నదున్నట్టు అంతా చెప్పేశాను. నా సంగతి చెప్పడానికే అడుగుతున్నారేమో, రేపు మైకు ముందు నన్నూ కూర్చోబెడతారేమో అని ఆశ. అంతా విని లేచి, "రేపు టీ ఇచ్చేసి తలుపు గట్టిగా వెయ్యి" అన్నారు.

అందుకే ఆ కోపంలో మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు చేత ఇంకో మెసేజ్ పంపించాను. కోపంలో మాట్లాడినవి పంపేముందు ఓసారి వినాలి. నేను వినలేదు.

ఆట మొదలైంది. తలుపు వేశాను, సందు వదిలి. మా ఆయన ఎడమ చెయ్యి బల్లమీద చలిజ్వరం వచ్చినదానిలా తిరుగుతోంది. నేను చెప్పింది గుర్తుంది, కానీ చేతులు రావడంలేదు. కుడి చెయ్యి ఎక్కడ ఓడిపోతుందోనని ఎడమచేతిని దారికి దూరంగా తిప్పుతున్నారు.

"ఏంట్రా, ఇవాళ ఎడమ చేతికి ఒంట్లో బాలేదా?" అన్నారు పళ్ళ డాక్టరు.

"ఉండు, హెడ్మాస్టరుగారు పొద్దున్నే ఏదో పంపారు, ధైర్యమొస్తుంది" అని లాయరు ఫోన్ నొక్కారు. చేతిరుమాలు గొంతు గదంతా మోగింది. "నాయనా, భయపడకు. చివర్లో గుమ్మంలో చెప్పు పెట్టడం మర్చిపోకు."

"చెప్పేంటి?" అన్నారు లాయరు. "గుమ్మమేంటి?"

మా ఆయనకి తెలుసు. ఈ లోకంలో ఆ మాట తెలిసినవాళ్ళం ఇద్దరమే. తల తిప్పి తలుపు సందువంక చూశారు. అప్పటికి నేను టీ కప్పుల ట్రే పట్టుకుని సగం లోపలే ఉన్నాను.

"నువ్వా?" అన్నారు.

నోరు తెరిచాను. అలవాటుకొద్దీ హెడ్మాస్టరే పలికాడు. "అవును నాయనా."

పళ్ళ డాక్టరు నోరు తెరిచారు. ఆయన్ని అలా చూడటం పేషంట్లు కూడా ఎరగరు. మా ఆయన "రికార్డింగ్ ఆపండ్రా!" అని అరిచారు. లాయరు ఆపలేదు, "వాంగ్మూలం మధ్యలో ఆపకూడదు" అన్నారు. నేను ట్రే కార్డుల పక్కనే పెట్టి, మైకు నావైపు తిప్పుకుని, నా సొంత గొంతు వెతుక్కున్నాను.

"హెడ్మాస్టరుని నేనే. అది తప్పే, ఒప్పుకుంటున్నా. ఆ ఎడమ చెయ్యి కూడా నేనే. అది తప్పు కాదు."

"మరేం చెప్పుకోమంటావ్?" మా ఆయన లేచి నిలబడ్డారు. "రోజూ పెళ్ళాం చేతిలో ఓడిపోతున్నానని ఊరందరికీ చెప్పుకోనా? అయినా అన్నీ నువ్వే గెలిచావా? సగం ఆటలు నేను గెలవలేదూ?"

అక్కడ దొరికిపోయాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నది అదొక్కటే. అబద్ధమాడొచ్చు, నాకు అదేమంత కష్టం కాదు. కానీ ముగ్గురూ గడ్డాల కింద చేతులు పెట్టుకుని, నోళ్ళు మూసుకుని నావంకే చూస్తున్నారు. నా వంతు.

"ఇంకో తప్పు కూడా చేశానండీ" అన్నాను. "వరసగా రెండు ఓడితే మూడోరోజు మీరు బల్ల దగ్గరికి రారు. మీరు రాకపోతే ఈ ఇంట్లో నాకు వంతు లేదు. అందుకని మీరు గెలిచిన ఆటల్లో మిమ్మల్ని గెలిపించింది కూడా నేనే. ఇన్నాళ్ళూ రెండు చేతులతో ఒంటరిగా ఆడింది మీరు కాదు, నేను."