కరోడ్‌గిరి చీటీలు

పెత్తరమాస ఇంకా నాలుగు రోజులుందనగా సైదమ్మ అటక మీది రేకుపెట్టెను తానే దింపి మనవడి ముందు పెట్టింది. మహబూబ్‌నగర్‌లో చదువుకునే రోజుల నుంచీ గుర్వయ్య ఆ పెట్టె అడుగుతూనే ఉన్నాడు. ఉప్పు వ్యాపారం చేసిన తాత బక్కయ్య ఎట్లా బతికాడో తెలుసుకోవాలని అతని ఆశ. నాయిన నర్సింహ పోయి ఏడాది నిండింది. ఈసారి అమావాస్య నాడు పోయిన పెద్దల పేర్లు పిలిచి బియ్యం ఇవ్వాల్సింది గుర్వయ్యే.

పెట్టె నిండా కరోడ్‌గిరి చీటీలు. కృష్ణ అవతల కర్నూలు జిల్లా నుంచి ఏ సరుకొచ్చినా నిజాం సర్కారు నాకా దగ్గర సుంకం కట్టించుకుని, సరుకు, తేదీ, వ్యాపారి పేరు, తండ్రి పేరు, ఊరు ఉర్దూలో రాసిచ్చేవారు. గుర్వయ్య వాటిని సర్కారు లెక్క ఫస్లీ సంవత్సరాల వారీగా నేల మీద పేర్చాడు. మొదట్లో ఉప్పు, అదీ రెండు బస్తాలు. తర్వాత కొయ్య దువ్వెనలు, మట్టి గాజులు. ఒక చీటీలో ఉప్పుతో పాటు ఒక చెక్క తొట్టెల.

"గది మీ నాయిన పుట్టినప్పటిది" అంది సైదమ్మ. "ఉప్పు మీద పెట్టి తెచ్చిండు. ఏడాది దాంక తొట్టెల సెమ్మ పోలే."

గుర్వయ్య నవ్వబోయి ఆగిపోయాడు. తాత కృష్ణలో పడి పోయింది పదమూడు వందల ముప్పై ఏడు ఫస్లీలో. చేతిలో ఉన్న చీటీ నలభై ఒకటిది. బక్కయ్య, తండ్రి కురుమయ్య, ఊరు ఏటి అవతలి ఆత్మకూరు, చింతపండు ఒక మూట. చీటీ రాసిన మున్షీ పొరపాటేమో అనుకున్నాడు. ఇంకొకటి తీశాడు. నలభై నాలుగు. నలభై ఎనిమిది. లేచి గడప దాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"అవ్వా, తాత ఏట్ల పడి పోయిండంటివి గద."

"నేనన్లే. ఊరన్నది."

"గాజులు పగలగొట్టుకుంటివి."

"పగలగొట్టుకోకుంటే గిర్దావర్ నమ్ముతడా?"

అప్పుడు చెప్పింది. ఊళ్లో మకాం వేసిన రెవెన్యూ అధికారి గిర్దావర్‌కు ఉప్పూ మిరపకాయలూ ఊరికే పంపాలి. మూడోసారి బక్కయ్య లేదన్నాడు. కొట్టడానికి జవాన్లు బయల్దేరారని తెలిసి అదే పూట ఏరు దాటాడు. బండి తోలే నూరుద్దీన్ అతని రుమాలును ఒడ్డున తడిపి తెచ్చి నలుగురికీ చూపించాడు. పదో దినం కూడా చేశారు. ఆ తర్వాత మూడేళ్లు ఏ కబురూ లేదు. నాలుగో ఏడు నూరుద్దీన్ చింతపండు మూట దింపి, చీటీ సైదమ్మ చేతిలో పెట్టాడు. ఆ మాటను సైదమ్మ గడప దాటనివ్వలేదు.

"సదువు రాకపోయినా, చీటీ వస్తే మనిషున్నట్టే అనుకునేదాన్ని" అంది సైదమ్మ.

గుర్వయ్యకు ప్రతి పెత్తరమాసా గుర్తుకొచ్చింది. నాయిన తన తాత కురుమయ్య పేరు పిలిచేవాడు, చిన్నప్పుడే పోయిన చెల్లెలి పేరు పిలిచేవాడు. బక్కయ్య పేరు అతని నోట ఒక్కసారి కూడా రాలేదు.

"నాయినకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నీ నోరు గూడ మీ తాత నోరే. గందుకే."

గుర్వయ్య ఆఖరి చీటీ వెతికాడు. యాభై మూడు ఫస్లీ, ఖుర్దాద్ నెల. రెండేళ్లు దాటింది.

"నూరుద్దీన్ తాత అప్పుడే గద పోయిండు. తెచ్చేటోడు లేక ఆగినయేమో అవ్వా."

"ఏమో. గా ఏమోనే నన్ను పండనిస్తలేదు. బతికున్నోని పేర బియ్యమిస్తమా? పోయినోడైతే రెండేండ్ల సంది ఉపాసమున్నట్టే గద."

గుర్వయ్య చీటీలు పెట్టెలో సర్దలేదు. రుమాలు తలకు చుట్టుకున్నాడు. సైదమ్మ అప్పటికే నాలుగు జొన్నరొట్టెలు మూట కట్టి ఉంచింది.

"ఉంటే?" అన్నాడు గడప దగ్గర.

"ఉంటే తోల్కరాకు. గా గిర్దావర్ పోయిండు, ఇంకోడొచ్చిండు. కండ్లతోని సూసి రా."

"లేకుంటే?"

సైదమ్మ రొట్టెల మూట ముడి విప్పి మళ్లీ గట్టిగా వేసింది. "ఏ నెల, ఏ తిథి అడుగు. అమాస పొద్దుటికల్లా రా బిడ్డా."

సాయంత్రానికి ఆత్మకూరు దారిలోని కృష్ణ రేవు చేరాడు. పుట్టి అవతలి ఒడ్డు నుంచి జనంతో తిరుగుతూ వస్తోంది. పక్కన తుమ్మ నీడలో కూర్చున్న ముసలాయన, "జర కూసో పటేలా, గది వచ్చేసరికి చుట్ట కాల్చుకోవచ్చు" అన్నాడు. గుర్వయ్య కూర్చున్నాడు, లేచాడు. పుట్టి ఒడ్డును తాకకముందే మోకాలి లోతు నీళ్లలోకి దిగి దాని అంచు పట్టుకున్నాడు.